కాటమయ్య చీలమండ: ఎనిమిదేండ్ల తర్వాత

గౌండ్లాయనకు మూడే ఆస్తులు: కాళ్లు, కల్లు, నలుగురి కళ్లు. కాళ్లు గట్టిగుంటే కల్లు దిగుతుంది, కల్లు దిగితే నలుగురి కళ్లల్లో నిలబడతాడు. మూడింట్లో ఏది జారినా మిగిలిన రెండూ దానెంబడే జారతాయి. కాటమయ్యకు ముందు జారింది కాలు.

అది ఎనిమిదేండ్ల కిందటి మాట. రఘునాథపల్లి దాటి లోపలికి పోతే తాటివనం ముందొస్తుంది, ఊరు తర్వాత వస్తుంది. ఆ వనంలో ముసురు పట్టిన ఒక పొద్దున కాటమయ్య తాడు దిగుతున్నాడు. తాడంటే ఇక్కడ తాటిచెట్టు. చెట్టుకూ నడుముకూ కలిపి చుట్టుకునే మోకు కూడా తాడే. తాడుతో తాడెక్కడమే గీతకార్మికుని తలగీత. రెండు పాదాలను కలిపి బిగించే చిన్న తాడును గుజి అంటారు. భూమి ఇంకో రెండు నిలువుల దూరం ఉందనగా పట్టు తప్పింది. ఒళ్లు ఒక దిక్కు తిరిగింది, గుజిలో ఇరుక్కున్న కుడిపాదం ఇంకో దిక్కు తిరిగింది. మధ్యలో చీలమండ ఎవరి మాట వినాలో తెలియక చిరిగింది.

హన్మకొండలో ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయారు. పెద్ద డాక్టరు ఫిలిం వెలుతురుకు పెట్టి చూసి, లిగమెంటు తెగింది, లాగి ఎముకకు కుట్టాలన్నాడు.

"లిగమెంటంటే ఏంది సారూ?"

"ఎముకకూ ఎముకకూ కట్టిన తాడనుకో."

"అయితే మా కులపోడే" అన్నాడు కాటమయ్య, అంత నొప్పిలో కూడా.

డాక్టరు నవ్వాడు. కుట్టాడు. మంచిగానే కుట్టాడు, పాపం. కట్టు విప్పినాక వరండాలో ఆ కొస నుంచి ఈ కొసకు నడిపించి, "నడకకు ఇరవై ఏండ్లు ఢోకా లేదు" అని భుజం తట్టాడు.

నడక గురించి డాక్టరు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఎక్కుడు గురించి కాటమయ్య అడగలేదు. అడిగితే వద్దంటాడని భయం. వద్దని చెప్పనిది వద్దన్నట్టు కాదు గదా అని, బస్సు రఘునాథపల్లి చేరేలోపల తన కేసులో తానే వకీలై, తానే జడ్జియై తీర్పు చెప్పుకున్నాడు. మరుసటి ఏడు మోకు భుజాన వేశాడు.

నాలుగేండ్లు కాలు మాట విన్నది. ఐదో ఏడు నుంచి మాట అనడం మొదలుపెట్టింది. చీలి మండుతుంది గనుకనే దానికి చీలమండ అని పేరు పెట్టారని కాటమయ్యకు అప్పుడు అర్థమైంది. పొద్దున మంచం దిగితే పాదం కొయ్యతెడ్డులా బిగుసుకుని ఉండేది. చలికాలమైతే చీలమండ గిలక చుట్టూ ఉబ్బి, పొంగిన పూరీ. చదును నేలమీద నడిస్తే మాత్రం ఏ మొనగాడూ పసిగట్టలేడు. ఎక్కేటప్పుడు కూడా అంత తేడా తెలియదు. చేతులు లాగుతాయి, ఎడమకాలు తోస్తుంది, కుడికాలు పెండ్లికి పోయిన దూరపు చుట్టంలా మర్యాదకు వెంట వస్తుంది. అసలు సంగతి దిగేటప్పుడు. బరువంతా కిందికి చాపిన పాదం మీద పడాలి, ఆ పాదం పైకి వంగాలి. అది వంగదు. బలవంతపెడితే పక్కకు మర్లుతుంది. లోకంలో అందరికీ ఎక్కలేకపోవడం దిగులు. కాటమయ్యకు దిగలేకపోవడమే దిగులు.

ఈ సంగతి తెలిసిన మనిషి ఒక్కతే, ఆయన భార్య ఓదెమ్మ. మిగతా గౌండ్లోళ్లు వనానికి రాకముందే మొగుడూ పెండ్లాలు వచ్చేవాళ్లు. పొట్టి తాళ్లు ఆయన ఎక్కేవాడు. దిగేటప్పుడు గుజి వదులుచేసి, చెట్టును బిడ్డను కావలించుకున్నట్టు కావలించుకుని, ఎడమకాలితో గీరుకుంటూ జారేవాడు. ఛాతీమీది తోలు లేచిపోయేది. కింద ఓదెమ్మ చేతులు పైకి చాపి నిలబడేది, జామకాయ పడుతుందేమో అన్నట్టు. అందరికంటే పొడుగైన దొరతాడును మాత్రం రెండేండ్ల నుంచి ముట్టలేదు. దానికి ఆ పేరు ఎందుకంటే, వనంలో మిగతా చెట్లు గాలికి వంగుతాయి, అది వంగదు. అడిగినవాళ్లకు "దానికి గెలలు సరిగ్గ వస్తలెవ్వు" అని చెప్పేవాడు.

"సొసైటీల చెప్పరాదయ్యా, నాతోని ఐతలేదని" అనేది ఓదెమ్మ రోజూ, ఆయన గిలకకు సున్నం బెల్లం కలిపి పట్టువేస్తూ. "భూపాలపల్లిల కొడుకు రమ్మనవట్టె. అపార్టుమెంటుల వాచ్‌మెన్ పని చూస్తనంటుండు."

"వాచ్‌మెన్ అంటే ఏం చేసుడే? ఎక్కేటోన్ని, దిగేటోన్ని చూసుకుంట కూసునుడు. నేను ఎక్కేటోన్నే."

"అవ్. దిగేటోనివైతే కావు" అనేది ఓదెమ్మ.

సొసైటీలో చెప్పకపోవడానికి కారణముంది. ఏటా శివరాత్రికి ముందు గీతకార్మికుల సొసైటీ కూర్చుని తాళ్లు పంచుతుంది. కట్టుబాట్లు రెండే. గీయలేనివానికి తాడు లేదు. ఒకని తాడు మీద ఇంకొకని మోకు పడితే, ఆ తాడు మోకు వేసినవానిదే. పరాయి తాడు ఎక్కేవాడు దొంగైనా కావాలి, వారసుడైనా కావాలి, మూడో వరస లేదని పెద్దలు పెట్టిన లెక్క. కాలు కుట్టించుకున్న ఏడు కాటమయ్య తన తొమ్మిది తాళ్లనూ గీయకుండా ఎండబెట్టుకున్నాడు గానీ ఎవరినీ మోకు వేయనీయలేదు. ఆ తాళ్లు తండ్రి గీసినవి, తాత గీసినవి. ఊళ్లో కాటమయ్య ఎవరంటే ఇంటి గుర్తు చెప్పరు, తాళ్ల గుర్తు చెబుతారు.

ఈ ఏడు పంపకం దగ్గరపడుతుండగా, సొసైటీ అధ్యక్షుడు బిక్షం మండువలో, అంటే వనంలో కల్లు తాగేవాళ్లు కూర్చునే చోట, కల్లు నింపిన లొట్టి ముందు పెట్టుకుని మాట తీశాడు. బిక్షం నోరు తాటిమట్ట లాంటిది. రెండు దిక్కులా రంపం పండ్లే.

"ఏం కాటమా, నీ కల్లు ఈ నడుమ సర్కారు బస్సు లెక్క వస్తుందట. ఆలిస్యంగ, సగం ఖాళీగ."

"చెట్లు ముసలివైనయి అన్నా."

"చెట్లా, నువ్వా?"

చుట్టూ కూర్చున్నవాళ్లు నవ్వారు. వాళ్లలో యుగేందర్ కూడా ఉన్నాడు. కాటమయ్య అక్క కొడుకు, ముప్పై దాటినవాడు. మోకు ముడి వేయడం కాటమయ్య దగ్గరే నేర్చుకున్నాడు. వానికి నాలుగే తాళ్లు. మామ తొమ్మిది తాళ్లలో ఒకటో రెండో తన దిక్కు వాలతాయేమో అని వాడు చూస్తున్న సంగతి వనంలో కాకులకు కూడా తెలుసు. వాడు నవ్వలేదు. అది కాటమయ్యకు ఇంకా మండింది.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. హన్మకొండ దవాఖాన నుంచి. గొంతు పడుచుది. పేరు డాక్టర్ విశాల్ అట, పెద్ద డాక్టరు దగ్గర పనిచేస్తాడట. చీలమండ ఆపరేషన్ అయిన పేషెంట్లు ఐదేళ్లకు, ఎనిమిదేళ్లకు, పదేళ్లకు ఎట్లున్నారో కనుక్కుంటున్నారట. నాలుగు ప్రశ్నలు అడగొచ్చా?

కాటమయ్యకు ఒక ఆలోచన తట్టింది. బతుకులో కొన్ని ఆలోచనలు తట్టవు, తన్నుతాయి. ఇది ఆ జాతిది. ఆయన ఫోను స్పీకరులో పెట్టి, లొట్టి పక్కన బోర్లించిన తట్టమీద నిలబెట్టాడు. "అడుగుండ్రి సారూ, గట్టిగ అడుగుండ్రి" అన్నాడు.

"నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంత ఉంటుంది?"

"సున్నా సారూ. గుండు సున్నా."

"వాపు వస్తుందా?"

"వాపు లేదు, బలుపు లేదు."

"ఎగుడుదిగుడు నేల మీద నడిస్తే కాలు మడతపడుతుందా?"

"నా బతుకే ఎగుడుదిగుడు సారూ. గియ్యాల్టి దాంక మడతపడలే."

"మెట్లు దిగేటప్పుడు ఏమన్నా పట్టుకుంటారా?"

"మెట్లేంది సారూ, నేను తాళ్లెక్కుత! తాటిచెట్లు! రోజూ!"

మండువలో తలలన్నీ ఫోను దిక్కు తిరిగాయి. "తాటిచెట్టా? ఆ కాలుతోనా?" అన్నాడు విశాల్. వాని గొంతులో లాటరీ తగిలిన సంతోషం. "అంకుల్, మీలాంటి పేషెంట్ మా లిస్టులో ఒక్కరు కూడా లేరు. పెద్ద సార్ వచ్చే నెల ఢిల్లీలో మీటింగులో మాట్లాడుతున్నారు. నేనొచ్చి మీరు ఎక్కేది వీడియో తీసుకోవచ్చా? ఆదివారం?"

కాటమయ్య నోరు తెరిచేలోపలే బిక్షం ఫోను మీదికి వంగాడు. "రాండ్రి డాక్టర్ సారూ! నేను సొసైటీ ప్రెసిడెంటును మాట్లాడుతున్న. మేమందరం ఉంటం." ఫోను పెట్టేసినాక కాటమయ్య దిక్కు తిరిగాడు. ఈసారి నవ్వలేదు. "మంచిగైంది తమ్మీ. ఇగ వేరే పరీక్షెందుకు? డాక్టర్ ముందల ఎక్కి దిగు. నీ తొమ్మిది తాళ్లు నీయే, పంపకంల నోరెత్తినోని నోరు నేను మూపిస్త. దిగకపోతే మాత్రం..." మిగతాది చెప్పకుండా లొట్టి వంచాడు.

ఇంటికొచ్చేసరికి వార్త ఆయనకంటే ముందే ఇల్లు చేరింది. ఓదెమ్మ సున్నం గిన్నె తెచ్చి ముందు పెట్టింది.

"సున్నా అన్నవట."

"అన్న."

"నీ సున్నకు రోజు సున్నం రాసేది నేను. నన్నడిగితే ఆ సారుకు పది అని చెప్తుంటి గద."

"జర మెల్లగనవే."

"ఇన్నేండ్లు మెల్లగనే అన్న. నొప్పి ఉన్నదని చెప్తే నీ సొమ్మేం పాయె? అడిగింది డాక్టరేనాయె! మందన్న ఇస్తుండె, ఇంకోపారి కోస్తుండె."

"మందిల ఎట్ల చెప్పాలె?"

"ఒక్కనివి ఉన్నప్పుడు చెప్పినవా?"

కాటమయ్య గిన్నె దిక్కు కాలు చాపాడు. ఎవరు ఎట్లున్నవన్నా మంచిగున్న అని చెప్పడం ఆయన ఒంట్లో ఇంకిన అలవాటు. చావుబతుకుల్లో ఉన్నవాన్ని పలకరించినా "మంచిగనే ఉన్న, నువ్వెట్లున్నవ్" అనే ఊరది. పలకరింపుకు బాగోలేదని జవాబు చెప్పడమంటే వచ్చినవాని మొఖాన తలుపేసినట్టే. ఆ మర్యాదలో పుట్టి, ఆ మర్యాదలో పెరిగి, ఆ మర్యాదతోనే ఇరుక్కున్నాడు.

ఆదివారం పొద్దు వాలుతుండగా కారొచ్చింది. విశాల్ తెల్లని బూట్లు వేసుకుని దిగాడు. వెంట కెమెరా పట్టుకున్న ఒకాయన. ఊరు సగం వనంలోనే ఉంది. విశాల్ మంచివాడే, రాగానే కాటమయ్య కాలు చేతుల్లోకి తీసుకుని, పాత కుట్ల గీత మీద వేలు రాశాడు. "ఎంత నీటుగా అతుక్కుందో చూడండి" అని కెమెరాకు చూపించాడు. ఆ వేలు ఇంకో బెత్తెడు కింద నొక్కి ఉంటే కథ వేరేగా నడిచేది. నొక్కలేదు.

కాటమయ్య ముందే లెక్క వేసుకున్నాడు. గీతకత్తులుండే ముస్తాదు నడుముకు కట్టుకుని, మోకు భుజాన వేసుకుని, వనం మొగదల ఉన్న పొట్టి తాడు దిక్కు నడిచాడు. దానిమీద కోడి కూడా ఎగిరి కూర్చోగలదు.

"అంకుల్, ఇది చిన్నగా ఉంది" అన్నాడు విశాల్. కెమెరాయన కూడా తల ఊపాడు. విశాల్ వనమంతా చూసి వేలు చాపాడు. "అది? ఆకాశం కూడా మంచిగా పడుతుంది."

వేలు దొరతాడు మీద ఆగింది.

"దానికి గెలలు..." అన్నాడు కాటమయ్య.

"గెలలతోని వాళ్లకేం పని కాటమా?" అన్నాడు బిక్షం. "వాళ్లకు కావలసింది నీ కాలు. కల్లు గాదు."

ఓదెమ్మ గుంపులోనుంచి ముందుకొచ్చింది. అందరూ చూస్తున్నారు. ఆమె ఆయన కండ్లలోకి చూసి తల అడ్డంగా ఊపింది, చిన్నగా. కాటమయ్య చూడనట్టు నటించి గుజి బిగించాడు.

ఎక్కడం మాత్రం చూసి తీరాలి. మోకు పైకి విసరడం, చేతులు లాగడం, పాదాలు తన్నడం. ముప్పై ఏండ్ల పాట ఒళ్లు మరిచిపోదు. మధ్యలో దాకా వచ్చేసరికి కింద చప్పట్లు. యుగేందర్ కూడా ఈలవేశాడు. కుడికాలు రెండుసార్లు ఎదురు చెప్పింది, ఆయన రెండుసార్లు వినలేదు. కొన దొరికింది. మట్టల నడుమ కూర్చుని ఊపిరి తీసుకున్నాడు. రెండేండ్ల తర్వాత దొర దర్శనం. దూరంగా కాజీపేట దిక్కు రైలు పోతోంది. ఆయన తొమ్మిది తాళ్లు ఎక్కడెక్కడున్నాయో ఇక్కడినుంచే అన్నీ కనబడతాయి. గెలలు కూడా కనబడ్డాయి. నిండుగా, లావుగా ఉన్నాయి. పైన ఉన్నంతసేపు కాటమయ్యకు ఏ రోగమూ లేదు.

"సూపర్ అంకుల్! చెయ్యి ఊపండి!"

ఊపాడు.

"నొప్పి ఉందా?"

"లేదు సారూ!"

"అయిపోయింది! థాంక్యూ అంకుల్!"

కాటమయ్యకు అర్థం కాలేదు. "దిగుడు తియ్యరా సారూ?"

"దిగేది అవసరం లేదు అంకుల్! లైట్ పోతుంది. మానుకోటలో ఇంకో పేషెంట్ ఎదురు చూస్తున్నారు!" విశాల్ రెండు చేతులెత్తి దండం పెట్టాడు, మనస్ఫూర్తిగానే పెట్టాడు. కారు తలుపులు పడ్డాయి. దుమ్ము లేచింది. దవాఖానోళ్లు చేసేదాన్ని ఫాలో అప్ అంటారు. పేరులోనే ఉంది: అప్ దాకా వస్తారు. ఫాలో డౌన్ అనేది ఏ డాక్టరూ ఇంకా కనిపెట్టలేదు.

కింద ఊరు మాత్రం ఉంది. ఊరికి దిగుడే కావాలి.

"దిగు కాటమా" అన్నాడు బిక్షం.

"ఉండన్నా. గెలలు చూస్తున్న."

"గెలలు వస్తలేవంటివి గద?"

మండువ దిక్కునుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. పొట్టి తాళ్ల మీది జారుడు ఇంత పొడుగు తాడు మీద కుదరదు. కాటమయ్య మోకు సవరించుకుని, గుజి వదులుచేసి, చెట్టును కావలించుకుని, కుడిపాదం కిందికి చాపాడు. బరువు వేశాడు. పాదం వంగలేదు. ఇంకొంచెం వేశాడు. గిలక లోపల ఎక్కడో సన్నగా ఒక తీగ తెగినట్టయింది, పాదం పక్కకు మర్లింది. ఒళ్లు జర్రున జారి మోకు మీద వేలాడింది. కింద ఆడవాళ్లు కెవ్వుమన్నారు. చేతులతో ఎట్లనో పైకి పాకి మళ్లీ మట్టల్లో పడ్డాడు. కుడికాలు దానంతటదే గడగడ వణకబట్టింది. దాన్ని రెండు చేతులా పట్టుకుని ఆపబోయాడు; ఆగలేదు. అంత ఎత్తునుంచి కూడా వణుకు అందరికీ కనబడుతోందని ఆయనకు తెలుసు.

బిక్షం నోరు కూడా ఖాళీ అయింది.

"మామా" అని పిలిచాడు యుగేందర్. "ఆగు. కదలకు." వాడు చెట్టుకు ఆనించిన తన మోకు దిక్కు నడిచాడు.

"ఒరే అల్లుడా!" కాటమయ్య అరుపుకు పిట్టలు లేచాయి. "నా తాడు మీద మోకు వేస్తే మంచిగుండదు! నేను దిగుత! నేనే దిగుత!"

యుగేందర్ ఆగాడు. మోకు వాని చేతిలో ఉంది. వాడు బిక్షం మొఖం చూశాడు. బిక్షం భూమిని చూశాడు. కట్టుబాటు అందరికీ తెలుసు. ఈ మోకు చెట్టుకు తగిలిందంటే దొరతాడు ఒక్కటే కాదు, దిగలేని మనిషికి మిగతా ఎనిమిది మాత్రం ఎందుకని రేపు పంపకంలో ఎవరైనా అంటారు. అనకపోతే బిక్షమే అనాలి.

పైన మట్టల నడుమ కాటమయ్య సగమే కనబడుతున్నాడు. ఆయన చెయ్యి నడుము దగ్గరికి పోయింది, మోకు ముడి దగ్గరికి. ముడి విప్పితే దిగడం శానా సులువు. ఒక్కసారే, ఎవరి మోకు అక్కర లేకుండా, ఎవరి కట్టుబాటుకూ తగలకుండా దిగొచ్చు. ఆ ఆలోచన ఆయనకు భయం కలిగించలేదు. అదే ఆయనను భయపెట్టింది. చెయ్యి మాత్రం అక్కడనే ఉంది.

ఆ చెయ్యి కదలడం ఓదెమ్మ చూసింది. ఇన్నేండ్లు కింద నిలబడి పైకి చూసిన మనిషి. ఆయన వేలు కదిలినా ఆమెకు తెలుస్తుంది.

"యుగేందరూ!" అన్నది. "మోకు వెయ్యి."

"అత్తా, మామ..."

"మామ లేడు, చామ లేడు. వెయ్యి బిడ్డా, నీ కాళ్లు మొక్కుత. తాడు నీదే. తొమ్మిది నీయే. అందరు ఇన్నరు గద? నేనే ఇస్తున్న. ఎక్కు!"

"ఓదీ!" పైనుంచి. "నీయవ్వ, నా తాళ్లు ఇచ్చుటానికి నువ్వెవ్వతెవే?"

"నీ పెండ్లాన్ని! మెడల ఉన్నది గూడ తాడే! ఏ తాడు ఉంచుకోవాల్నో నాకెరుకే!"

యుగేందర్ మోకు వేశాడు. చెట్టుకు తగిలిన చప్పుడు పెద్దదేం కాదు. కాటమయ్యకు మాత్రం అది చెట్టు పొడవునా కింది నుంచి పైదాకా వినబడింది. ముడి మీది చెయ్యి తానంతట తానే జారి ఒళ్లో పడింది.

వాడు వచ్చి ఆయన పాదాల కింద ఆగాడు. "భుజాల మీద పెట్టు మామా."

కాటమయ్య పెట్టలేదు.

"మామా, నా కాళ్లు గూడ గుంజుతున్నయ్. పెట్టు."

పెట్టాడు. అల్లుని రెండు భుజాల మీద మామ రెండు పాదాలు. వాడొక జానెడు దిగితే ఈయన ఒక జానెడు దిగుతాడు. వాని మెడ చెమటకు ఆయన అరికాలు జారుతుంటే, వాడు చెంపతో అదిమి పట్టాడు. ఎక్కినప్పుడు చప్పట్లు కొట్టిన ఊరు దిగేటప్పుడు ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. నవ్వి ఉంటే కాటమయ్యకు కొంత బాగుండేది. తిట్టడానికి ఒకరన్నా దొరికేవారు.

నేల తగిలినాక ఓదెమ్మ చెయ్యి పట్టుకోబోయింది. విదిలించుకున్నాడు. బిక్షం దగ్గరికొచ్చి, ఎన్నడూ లేనిది, మాటలో ముల్లు లేకుండా "తమ్మీ, ఇగ చెప్పేదేమున్నది" అన్నాడు. చెప్పలేదు కూడా. పంపకం రోజున కాటమయ్య పోలేదు. తొమ్మిదీ యుగేందర్‌కే రాశారని ఓదెమ్మ వచ్చి చెబితే గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు. సున్నం గిన్నె తెస్తే కాలు లోపలికి ముడుచుకున్నాడు. భూపాలపల్లి నుంచి కొడుకు ఫోను చేసి "నాయినా, ఎట్లున్నవే?" అంటే "మంచిగున్న" అన్నాడు. ఓదెమ్మ ఫోను లాక్కుని "ఏం మంచిగ లేడు బిడ్డా" అన్నది. ఆ మాటకు ఆమెతో మాటలు బందుపెట్టాడు.

శివరాత్రి పోయినాక ఒక సాయంత్రం ఇంట్లో ఉండబుద్ధి కాక మండువకు నడిచాడు. ఎటు కూర్చోవాలో తెలియలేదు. ఇన్నేండ్లు లొట్టి అవతల దిక్కు, పోసేవాళ్ల దిక్కు కూర్చున్నాడు. ఇప్పుడు ఇవతల దిక్కు, తాగేవాళ్ల మధ్యన, వాళ్లు జరిగి ఇచ్చిన జాగాలో కూలబడ్డాడు. పక్కన గార్ల నుంచి వచ్చిన ఎవరి చుట్టమో, ఈయనెవరో తెలియక, "కొత్తగున్నవ్, మీదేవూరే పెద్దమనిషీ?" అనడిగాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. కాటమయ్య కూడా చెప్పలేదు.

యుగేందర్ లొట్టి ఎత్తుకొచ్చాడు. తాటాకు రేక మడిచి ఆయన చేతికిచ్చాడు. "దొరతాడుది మామా. ఇప్పుడే దించిన. ఫస్టు నీకే."

పోశాడు. కాటమయ్య తాగాడు. ఎక్కడా తేడా లేదు. అదే తీపు, అడుగున అదే సన్నని వగరు, తండ్రి పోసినప్పుడు ఎట్లుండెనో అట్లనే. చెట్టుకు చెయ్యి మారిన సంగతి కూడా తెలిసినట్టు లేదు. చుట్టూ అందరూ ఆయన మొఖం చూస్తున్నారు.

"పులిసింది" అన్నాడు కాటమయ్య.

గార్ల చుట్టం తన రేక వంక అనుమానంగా చూసుకున్నాడు. యుగేందర్ ఒక గుక్క అరచేతిలో పోసుకుని నాలుకకు తగిలించుకున్నాడు. వాడు కాటమయ్య దగ్గర నేర్చినవాడు. నాలుక అబద్ధం చెప్పదు వానికి. కొంచెంసేపు వాడు మామ దిక్కు చూశాడు.

"అవ్ మామా" అన్నాడు. "పులిసింది. లొట్టి సరిగ్గ కడగనట్టున్న."

లొట్టి ఎత్తి, చెట్టు మొదట్లో వంచబోయాడు. నురగ మూతిదాకా వచ్చింది.

దయ అనేది ఇంత చేదుగా ఉంటుందని కాటమయ్యకు ఎవరూ చెప్పలేదు. వాడు నిజం చెప్పి "నీ నోరు పులిసింది ముసలోడా" అని ఉంటే లేచి కొట్టేవాడు. కొట్టడానికి ఏమీ మిగల్చలేదు.

"పారబొయ్యకురా" అన్నాడు. ఖాళీ రేక ముందుకు చాపాడు. "ఇంకింత పొయ్యి."